సొంత మాటల్లో రాయడం ఎలా? కాపీ, పారాఫ్రేజింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. చివర్లో పిల్లలు అడిగేవి కొన్ని ఉన్నాయి, వాటికి జవాబులు నేరుగా వాళ్లకే రాశాను. వరసగా చదవాల్సిన పనేమీ లేదు. తొందరలో ఉంటే కొల్లేరు ఉదాహరణ ఒక్కటి చూసినా చాలు.

ప్లేజియరిజం అంటే ఏమిటి? పరీక్షలో చూసి రాయడమేనా?

రెండింటినీ కాపీ కొట్టడమనే అంటాం గానీ రెండూ వేరు. పరీక్ష హాల్లో స్లిప్పులు పెట్టుకోవడం, పక్కవాడి పేపర్లోకి తొంగిచూడడం తప్పని పిల్లలకు బాగా తెలుసు. అందుకే దాచుకుని చేస్తారు. ప్లేజియరిజం అంటే ఇంకొకరు రాసిన మాటలనో, వాళ్ల ఆలోచననో, గీసిన బొమ్మనో తీసుకుని, అది ఎవరిదో చెప్పకుండా మన పేరు కింద పెట్టుకోవడం. దీన్ని పిల్లలు దాచుకుని చేయరు. ఏదో వెబ్‌సైట్ నుంచి రెండు పేజీలు దించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డర్ గీసి, పైన తమ పేరు ముత్యాల్లా రాసి టీచర్ చేతికి గర్వంగా ఇస్తారు. తప్పు చేశామన్న ఊహే ఉండదు.

తెలుగులో దీనికి గ్రంథచౌర్యం అనే మాట ఉంది. ఆరో తరగతి పిల్లవాడి దగ్గర మాత్రం ఆ మాట వాడకపోవడమే మంచిది. చౌర్యం అనగానే వాడు బెదిరిపోతాడు, విషయం బుర్రకెక్కదు.

అంటే ఇది కాపీరైట్ గొడవేనా?

కాదు. కాపీరైట్ చట్టం వ్యవహారం. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. గడువు దాటాక ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వేమన పద్యాలను మీరు పుస్తకంగా వేస్తే ఏ చట్టమూ అడ్డు రాదు. కానీ ఆ పద్యం నేనే రాశానంటే అది ప్లేజియరిజం. ఇంకోవైపు, పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ ఒక రచనలోని భాగాన్ని రాసుకోవడానికి అదే చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. కాబట్టి బడి ప్రాజెక్టు విషయంలో పిల్లల్ని పోలీసుల పేరు చెప్పి బెదిరించనక్కర్లేదు.

పెద్దయ్యాక నేర్చుకుంటారు కదా, ఇప్పటి నుంచే ఎందుకు?

పెద్దయ్యాక ఎవరూ నేర్పరు కాబట్టి. డిగ్రీలోనో పీజీలోనో నేరుగా నిబంధన ఎదురవుతుంది. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2018లో ప్లేజియరిజం నివారణ కోసం నిబంధనలు తెచ్చింది. విద్యార్థులు సమర్పించే థీసిస్‌లు, డిసర్టేషన్లలో ఇతరుల రచనలతో పోలికలు 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం దాకా ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, అందుకు గడువు 6 నెలలకు మించదు. 40 నుంచి 60 శాతం అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సు రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్లే అమెరికా విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఇంకా గట్టిగా చూస్తారు. మొదటి సెమిస్టర్‌లో ఇచ్చిన చిన్న అసైన్‌మెంట్‌కు కూడా విచారణ జరగొచ్చు, ఆ కోర్సులో ఫెయిల్ చేయొచ్చు. అక్కడ దొరికిపోయిన కుర్రాడు చాలాసార్లు నిజాయితీగానే ఆశ్చర్యపోతాడు: "ఇంటర్ దాకా రికార్డులు ఇలాగే రాశాం కదా!" సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ దించడం మన దగ్గర ఎంత మామూలో తెలిసిందే. పైగా వీసా కన్నా ముందే, దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌నే కొందరు అన్నయ్యల దగ్గర తీసుకుని పేర్లు మార్చి పంపుతారు.

పిల్లలు కాపీ ఎందుకు చేస్తారు? బద్ధకమేనా?

బద్ధకం ఉన్నవాళ్లూ ఉంటారు. కానీ ఎక్కువమంది విషయంలో అసలు కారణం, చదివింది అర్థం కాకపోవడం. అర్థం కాని వాక్యాన్ని సొంత మాటల్లో చెప్పడం ఎవరి వల్లా కాదు, పెద్దవాళ్ల వల్ల కూడా కాదు. ఏడో తరగతి పిల్లకు "పర్యావరణ సమతుల్యత" అన్న మాట పట్టుబడకపోతే, అది ఉన్న వాక్యాన్ని ఆమె ఉన్నదున్నట్టు దించేస్తుంది. ఒక్క అక్షరం మార్చినా తప్పవుతుందేమోనని భయం. అంటే కాపీ చేసిన పేరా చాలాసార్లు ఆ పిల్లకు ఎక్కడ అర్థం కాలేదో చూపిస్తుంది. టీచర్‌కు అది పనికొచ్చే సమాచారం.

రెండో కారణం ఇచ్చిన పని. "జల కాలుష్యం గురించి ప్రాజెక్టు రాసుకుని రా, సోమవారం ఇవ్వాలి" అంటే పిల్లవాడు ఏం చేస్తాడు? నెట్ సెంటర్‌కు వెళ్లి ప్రింట్ తీయిస్తాడు. ఆ ప్రశ్నకు వాడి దగ్గర సొంత జవాబు ఉండే అవకాశమే లేదు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులు ఉంటాయి, రాసిందాన్ని కూర్చుని చదివే తీరిక టీచర్లకు ఉండదు. నీట్‌గా ఉంటే మార్కులు పడతాయి. ఈ లెక్క పిల్లలకు చాలా త్వరగా తెలిసిపోతుంది.

టైమ్ లేకపోవడం, టెన్షన్, ఇంగ్లీష్ మీడియంలో భాష పట్టు లేకపోవడం కూడా ఉన్నాయి. చివరిది మన రాష్ట్రాల్లో చిన్న సమస్యేం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న పిల్ల ఆలోచన ఒక భాషలో, రాత ఇంకో భాషలో నడపాలి. మధ్యలో దారి దొరక్క గైడులో వాక్యాన్ని పట్టుకుంటుంది. అలాంటి పిల్లను ముందు తెలుగులో చెప్పనిచ్చి, తర్వాత ఇంగ్లీషులో రాయమంటే కాపీ చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

మనమే బట్టీ పట్టిస్తాం, మళ్లీ మనమే కాపీ కొట్టొద్దంటాం. పిల్లలు ఏమనుకోవాలి?

నిజంగానే అయోమయపడతారు. నోట్సులో ఉన్నది పొల్లు పోకుండా రాస్తే పదికి పది, అదే పని ప్రాజెక్టులో చేస్తే తిట్లు. ఈ తేడా మనం ఎప్పుడూ విడమరిచి చెప్పం.

చెప్పాల్సింది ఇది. ఎక్కాలు, సూత్రాలు, నిర్వచనాలు, పద్యాలు ఉన్నవి ఉన్నట్టు గుర్తుండాలి. అక్కడ బట్టీ తప్పేం కాదు, పద్యం తప్పు లేకుండా అప్పజెప్పడం ఒక విద్య. ఆ పద్యం ఫలానా కవిది అని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ఎవరూ నీదనుకోరు. కానీ "నీ అభిప్రాయం రాయి", "సొంతమాటల్లో రాయి", "నువ్వు తెలుసుకున్నది రాయి" అని ప్రశ్న ఉన్నప్పుడు గైడులో జవాబు దించితే, అడిగింది ఒకటి, నువ్వు ఇచ్చింది ఒకటి.

టీచర్లు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మన తెలుగు వాచకాల్లో అభ్యాసాల కింద "సొంతమాటల్లో రాయండి" అని ఉంటుంది. ఆ ప్రశ్నకే బోర్డు మీద ఒక జవాబు రాసి క్లాసంతటి చేతా దింపించడం చాలా చోట్ల జరుగుతోంది. నలభైమంది నోటుబుక్కుల్లో ఒకే "సొంత" జవాబు! అక్కడ మారాల్సింది పిల్లలు కాదు.

పారాఫ్రేజింగ్ అంటే ఏమిటి? మాటలు మార్చడమేనా?

తెలుగు క్లాసులో పద్యం చెప్పే పద్ధతి గుర్తు చేసుకోండి. ముందు ప్రతిపదార్థం రాయిస్తారు, ఈ మాటకు ఈ అర్థం అని ఒక్కొక్కటిగా. ఆ తర్వాత తాత్పర్యం. ప్రతిపదార్థంలోని అర్థాలను వరసగా అతికిస్తే తాత్పర్యం రాదని, వాక్యం మళ్లీ కొత్తగా కట్టుకోవాలని తెలుగు చదివిన ప్రతి పిల్లకూ తెలుసు. పారాఫ్రేజింగ్ అంటే వచనానికి తాత్పర్యం రాయడమే. ఒక్కో మాట తీసి దాని చోట పర్యాయపదం పెట్టడం ప్రతిపదార్థం దగ్గరే ఆగిపోవడం.

సారాంశం ఇంకోటి. తాత్పర్యంలో విషయమంతా ఉండాలి, నిడివి కొంచెం అటూ ఇటూ కావచ్చు. సారాంశంలో ముఖ్యమైనవే ఉంటాయి, మిగతావి వదిలేస్తాం. మూడు పేజీల పాఠానికి ఐదు వాక్యాలు చాలు.

ఒక ఉదాహరణతో చూపించండి.

ఒక పుస్తకంలో ఈ పేరా ఉందనుకోండి:

"కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఏర్పడిన సహజమైన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నుంచి వచ్చే వరద నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలోకి వదులుతుంది. దీనివల్ల చుట్టుపక్కల గ్రామాలకు ముంపు ముప్పు తగ్గుతుంది. చేపల చెరువుల కోసం సరస్సులో గట్లు వేయడంతో నీరు నిలిచే చోటు కుంచించుకుపోయింది."

ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన ప్రకృతిసిద్ధమైన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరుల నుంచి వచ్చే వరద జలాన్ని తనలో నింపుకొని, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి విడుస్తుంది. దీనివలన పరిసర గ్రామాలకు ముంపు ప్రమాదం తగ్గుతుంది."

మధ్య నడుమ అయింది, నీరు జలం అయింది. వాక్యాల వరస, కట్టు, నడక అన్నీ మొదటివే. పిల్లవాడు కష్టపడ్డాడు, అది కనిపిస్తూనే ఉంది. కానీ ఆ కష్టమంతా పర్యాయపదాలు వెతకడానికే సరిపోయింది. వరద నీరు కొల్లేరులో ఆగితే ఊళ్లకు మేలేమిటో వాడికి తెలిసిందో లేదో ఇందులో తేలదు.

ఇంకో పిల్ల ఇలా రాసింది: "వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీళ్లు ముందు కొల్లేరులో చేరతాయి. అక్కడి నుంచి నెమ్మదిగా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. అందుకే అక్కడి ఊళ్లు మునగవు. కానీ చేపల చెరువులకు గట్లు కట్టేశారు కాబట్టి ఇప్పుడు కొల్లేరులో అంత నీరు పట్టదు. ఇది నేను లైబ్రరీ పుస్తకంలో చదివాను."

ఇది సొంత మాట. మొదలే వేరే చోట పెట్టింది, వాన కురవడం దగ్గర. నీటి వెంట నడిచింది. భాష సాదాగా ఉంది, ఆ వయసుకు తగ్గట్టే ఉంది. ఎక్కడ చదివిందో కూడా చెప్పింది.

అయితే ఒక చోట జారింది. పుస్తకంలో "ముంపు ముప్పు తగ్గుతుంది" అని ఉంటే ఈమె "ఊళ్లు మునగవు" అనేసింది. రెండూ ఒకటి కాదు. 2024 సెప్టెంబరులో ఇదే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. మాటలు మనవైనా విషయం రచయితదే, అది పెరగకూడదు, తరగకూడదు. ఈ తప్పును కాపీ తప్పులా తిట్టకండి. "పుస్తకంలో మునగవు అని ఉందా, ఇంకేమైనా ఉందా, మళ్లీ చూడు" అంటే చాలు, ఆమే పట్టుకుంటుంది.

ఇంట్లో ఎలా అలవాటు చేయాలి?

పేరా చదవమనండి. పుస్తకం మూయించండి. "ఏం ఉందిరా అందులో, నాకు చెప్పు" అనండి. అమ్మమ్మకో తమ్ముడికో చెబితే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్లు మధ్యలో "అంటే?" అని అడుగుతారు. నోటితో చెప్పిందే రాయమనండి. రాశాక పుస్తకం తెరిచి పేర్లు, అంకెలు సరిపోయాయో లేదో, అర్థం మారిందేమో చూసుకోమనండి.

ఇందులో అసలు కీలకం పుస్తకం మూయడం. తెరిచి ఉన్న పుస్తకం పక్కన పెట్టుకుని సొంతంగా రాయమంటే కళ్లు అటే పోతాయి. మూశాక నోట మాట రాకపోతే చదివింది ఎక్కలేదని అర్థం. అప్పుడు రాయించే ప్రయత్నం మానేసి, ఆ పేరాను మళ్లీ చదివి విడమరిచి చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడ ఓపిక పోగొట్టుకుని తామే రెండు వాక్యాలు చెప్పేస్తారు. పిల్లవాడు అవి దించుకుంటాడు. పుస్తకం నుంచి కాకుండా అమ్మ నుంచి కాపీ, అంతే తేడా.

ఏ తరగతిలో ఎంత ఆశించాలి?

మూడు, నాలుగు తరగతుల్లో విన్న కథ తిరిగి చెప్పగలిగితే చాలు. ఐదుకు వచ్చేసరికి ఏ పుస్తకంలో చదివారో పేరు చెప్పడం రావాలి. ఏడు, ఎనిమిదిలో ఒక పేరాను తాత్పర్యంలా తిరగరాయడం. తొమ్మిది, పదికి రెండు మూడు చోట్ల చదివినవి కలిపి ఒక పేరా కట్టడం, ఉన్నదున్నట్టు తీసుకున్న వాక్యానికి కొటేషన్ మార్కులు పెట్టడం. అంతకన్నా ముందే ఫుట్‌నోట్లూ పద్ధతులూ అంటే పిల్లలు పారిపోతారు.

మార్చకూడని మాటలు ఉంటాయా?

ఉంటాయి. పేర్లు, తేదీలు, అంకెలు, శాస్త్ర పదాలు మార్చకూడదు. కిరణజన్య సంయోగక్రియను ఇంకేదో అంటే తప్పవుతుంది. "త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు" అన్నదాన్ని తిప్పి రాయించి పిల్లల్ని హింసించక్కర్లేదు. అలాగే ఎవరైనా చాలా అందంగా అన్న వాక్యం ఉంటే దాన్ని చెడగొట్టకుండా కొటేషన్ మార్కుల్లో పెట్టి, ఎవరన్నారో రాయడమే మర్యాద.

ప్రతి వాక్యానికీ ఎక్కడ చదివామో రాయాలా?

వద్దు. అందరికీ తెలిసిన విషయాలకు అక్కర్లేదు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిందనీ, ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడిందనీ ఎక్కడ వెతికినా దొరుకుతుంది. ఒకరు లెక్కపెట్టి చెప్పిన అంకెలు, ఒకరి అభిప్రాయం, ఒకరు తీసిన ఫొటో అయితే చెప్పాలి. తేల్చుకోలేకపోతే చెప్పేయడమే మేలు.

చిన్న పిల్లలు ఆధారం ఎలా రాయాలి?

చివర్లో "ఈ విషయాలు నాకు ఎక్కడ తెలిశాయి" అని ఒక చిన్న భాగం పెట్టించండి. "పక్షుల గురించి మా బడి లైబ్రరీ పుస్తకంలో చదివాను. చేపల చెరువుల గురించి మా మావయ్య చెప్పారు, ఆయనది కైకలూరు." ఇంతే. పుస్తకం పేరు, రాసినవారి పేరు ఉంటే ఇంకా మంచిది. మనిషి నోట విన్నది కూడా ఆధారమే అని పిల్లలకు చెప్పండి. అది తెలిశాక వాళ్లు తాతయ్యల దగ్గరకు వెళ్లి అడగడం మొదలుపెడతారు, ప్రాజెక్టులకు కొత్త ప్రాణం వస్తుంది. "గూగుల్" అని మాత్రం రాయనివ్వకండి. గూగుల్ వెతికి పెట్టింది, రాసింది ఇంకొకరు.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చి రాస్తే సొంతమే కదా?

కాదు. భాష మారింది, ఆలోచన, వరస అన్నీ వాళ్లవే. ఇప్పుడు ఫోన్లో ఒక్క నొక్కుతో తెలుగు వచ్చేస్తుంది కాబట్టి ఈ అలవాటు బాగా పెరిగింది. "ఇది ఇవ్వబడింది, అది చేయబడినది" అంటూ ఆరో తరగతి పిల్ల రాసిందంటే ఎక్కడి నుంచి వచ్చిందో అడగనక్కర్లేదు. అనువాదం మంచి పనే, గొప్ప పనే. ఫలానా చోటి నుంచి అనువదించాను అని రాస్తే సరి.

వికీపీడియా అందరిదీ కదా? దాని నుంచి తీసుకుంటే తప్పేంటి?

తీసుకోవచ్చు, ఎక్కడిదో చెప్పాలి. వికీపీడియా వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. వాడుకోవడం ఉచితం, కానీ మూలం పేర్కొనడం ఆ లైసెన్సులోనే ఒక షరతు. తెలుగు వికీపీడియాను కూడా రాసేది జీతం లేకుండా రాసే మామూలు మనుషులే అని పిల్లలకు చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. అది దానంతటదే పుట్టిందనుకుంటారు మరి.

చాట్‌జీపీటీ రాసిస్తే? అది ఎవరిదీ కాదు కదా!

ఎవరిదీ కాకపోయినా, నీదైతే కాదు. పిల్లలకు ఈ ఒక్క మాట చాలు. కంపెనీ నియమాల ప్రకారమే 13 ఏళ్ల లోపు పిల్లలు చాట్‌జీపీటీ వాడకూడదు, 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అర్థం కాని పేరాను "ఇంకా తేలిగ్గా చెప్పు" అని అడగడానికి వాడితే ఇబ్బంది లేదని నా అభిప్రాయం. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, చెప్పింది పుస్తకంతో సరిచూసుకోవాలి. రాసే పని మాత్రం దానికి అప్పగించకూడదు. పారాఫ్రేజింగ్ చేసిపెట్టే యాప్‌లదీ ఇదే కథ. అవి చేసేది చాలావరకు పైన చూసిన "మధ్య" తీసి "నడుమ" పెట్టే పనే, ఇంకొంచెం హంగుగా.

ఏఐ రాసిందో పిల్లవాడు రాశాడో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట. నమ్మొచ్చా?

వాటి మాట మీద ఏ పిల్లవాణ్నీ శిక్షించకండి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023లో అలాంటి పరికరం ఒకటి తెచ్చి, సరిగ్గా గుర్తించలేకపోతోందని అదే ఏడాది జులైలో తీసేసింది. పోలికలు చూపించే టర్నిటిన్ లాంటివి వేరు. అవి ఎక్కడెక్కడ వాక్యాలు కలిశాయో చూపిస్తాయి, అది కాపీయా, సరిగ్గా పేరు చెప్పి తీసుకున్నదా అనేది మనిషే చదివి తేల్చాలి. బడి పిల్లల విషయంలో అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఖర్చు లేనిది: "ఈ పేరా బాగుంది, ఇందులో ఏం చెప్పావో నాకు చెప్పు."

పిల్ల కాపీ చేసిందని తెలిసింది. ఏం చేయాలి?

క్లాసు ముందు నిలబెట్టి చదివించకండి. విడిగా పిలిచి, ఎక్కడ ఇబ్బంది పడిందో అడగండి. "ఇది ఎవరు రాశారు?" అంటే అబద్ధం చెబుతుంది, "దీంట్లో ఏ మాట కష్టంగా ఉంది?" అంటే నిజం వస్తుంది. ఆ ఒక్క పేరాను మీ ముందే, పుస్తకం మూసి, మళ్లీ రాయించండి. మొత్తం ప్రాజెక్టును పదిసార్లు ఇంపోజిషన్ రాయించడం మాత్రం వింతైన శిక్ష. కాపీ చేసినందుకు ఇంకా కాపీ చేయమనడమే అది.

తెలిసి, చెప్పించుకుని, మళ్లీ మళ్లీ చేసే పెద్ద పిల్లల సంగతి వేరు. పదో తరగతి విద్యార్థికి మార్కులు తగ్గించడంలో అన్యాయమేమీ లేదు.

టీచర్లు ప్రశ్న ఎలా ఇస్తే కాపీకి దారి ఉండదు?

జవాబు నెట్‌లో లేని ప్రశ్న ఇవ్వాలి. "జల కాలుష్యం" బదులు "మీ వీధి చివర డ్రైనేజీ నీరు ఎటు పోతుంది? వెంట నడిచి చూసి రాయండి." "పండుగల ప్రాముఖ్యత" బదులు "మీ ఇంట్లో బతుకమ్మకు ఏయే పూలు పేర్చారు? అవి ఎక్కడి నుంచి తెచ్చారు?" "వ్యవసాయం" బదులు "మీ ఊళ్లో ఒక రైతును ఈ ఏడు ఏం వేశారో, ఎందుకు వేశారో అడిగి రాయండి." ఇలాంటి ప్రశ్నలకు జవాబులు తప్పులతో, కొట్టివేతలతో, ఒక్కోటి ఒక్కోలా వస్తాయి. దిద్దడం కష్టమే. కానీ నలభై ఒకేలాంటి ప్రాజెక్టులు దిద్దడం కన్నా తప్పక సరదాగా ఉంటుంది.

ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే రెడీమేడ్ చార్టులు, జిరాక్స్ బొమ్మలకు మార్కులు ఉండవని ముందే చెప్పేయండి. పిల్ల గీసిన వంకర బొమ్మకు ఉంటాయని కూడా చెప్పండి. తల్లిదండ్రులు రాత్రంతా కూర్చుని చేసే థర్మాకోల్ మోడళ్ల గురించి ఏం అనాలో నాకు తోచడం లేదు. అవి ఎవరి ప్రతిభో బడిలో అందరికీ తెలుసు.

ఈ పట్టింపు మనకు పరాయిది కాదా? మన కవులు పాతవాళ్లను చూసే రాశారుగా?

చూసే రాశారు, చెప్పి రాశారు. తెలుగు కావ్యాల మొదట్లో వచ్చే అవతారికల్లో పూర్వకవి స్తుతి ఎందుకుంటుంది మరి? నన్నయ భారత రచనలో తనకు తోడుగా నిలిచిన నారాయణభట్టును అవతారికలోనే తలుచుకున్నాడు. సంస్కృతంలో పదో శతాబ్ది తొలినాళ్ల రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఇతరుల మాటలు తీసుకోవడం శబ్దహరణం, భావం తీసుకోవడం అర్థహరణం అని విడదీసి, ఏది ఎంతవరకు చెల్లుతుందో అధ్యాయాల కొద్దీ చర్చించాడు. కాబట్టి ఇది పరాయి పట్టింపేం కాదు.

ఇక పిల్లలు అడిగేవి

టీచర్, నేను రాసిందానికన్నా పుస్తకంలో ఉన్నదే బాగుంది. మంచిదే రాస్తే తప్పేంటి?

బాగుండే ఉంటుంది. అది రాసినవాళ్లు నీకన్నా ముప్పై ఏళ్లు పెద్దవాళ్లు. నీ టీచర్ ఆ పుస్తకం ఎప్పుడో చదివేశారు. నీ కాగితంలో ఆమెకు కావాల్సింది నీకు ఏం తెలిసిందన్నదే. ఆ వాక్యం నీకు అంత నచ్చితే కొటేషన్ మార్కుల్లో పెట్టి, కింద ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం రాయి.

ఎన్ని మాటలు మారిస్తే కాపీ కాదు?

అలా లెక్క లేదు. యూజీసీ నిబంధనల్లో వరసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసినవి లెక్కలోకి తీసుకోరని ఉంది గానీ, అది పరిశోధకుల కాగితాలు చూసేటప్పటి వెసులుబాటు. దాన్ని పట్టుకుని పదమూడేసి మాటలు దించుకోవచ్చని కాదు! మాటలు లెక్కపెడుతున్నావంటే పుస్తకం ఇంకా తెరిచే ఉందన్నమాట. ముందు అది మూసెయ్.

నేనూ మా ఫ్రెండూ కలిసి చేశాం. ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి. కాపీ అవుతుందా?

కలిసి వెతకొచ్చు, కలిసి మాట్లాడుకోవచ్చు. రాయడం మాత్రం ఎవరిది వాళ్లు రాసుకోండి. "ఈ ప్రాజెక్టు కోసం ఫలానా స్నేహితుడితో కలిసి సమాచారం వెతికాను" అని పైన ఒక వాక్యం రాస్తే గొడవే లేదు. నన్నయ కూడా తనకు తోడైన నారాయణభట్టు పేరు అలాగే రాశాడుగా.

పోయినేడాది నేను రాసిన వ్యాసమే ఈసారి ఇవ్వొచ్చా?

అది నీదే, కానీ టీచర్‌ను అడుగు. కొత్తగా రాయమని ఇచ్చిన పనికి పాతది ఇవ్వడం పెద్ద చదువుల్లో తప్పుగానే చూస్తారు. టీచర్ సరే అంటే పాతదాన్ని తీసుకుని, ఈ ఏడాది కొత్తగా తెలిసింది కలిపి ఇవ్వు.

సొంతంగా రాస్తే మార్కులు తగ్గుతున్నాయి. ఏం చేయను?

కొన్ని చోట్ల తగ్గుతాయి, దాచడం ఎందుకు. కీవర్డ్స్ చూసి మార్కులు వేసే పరీక్షల్లో ఆ ముఖ్యమైన మాటలు, నిర్వచనాలు ఉన్నవి ఉన్నట్టు రాసెయ్, వాటి చుట్టూ వివరణ నీ మాటల్లో కట్టు. విషయం అంతా ఉండి కూడా గైడులో లాగా లేదని మార్కులు కోశారనిపిస్తే, పేపర్ తీసుకుని టీచర్ దగ్గరకు వెళ్లి ఏ పాయింటు తప్పిందో అడుగు. గొంతు పెంచకుండా, తప్పిందేమిటో నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి. ఒంటరిగా వెళ్లడానికి భయమైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లు.